ఒక ప్రశాంత తీరచిత్రము

చిత్రపటములను గూర్చి ప్రసంగించువారు సాధారణముగ రంగును, రేఖను గూర్చి చెప్పుదురు. నేనొక పటము తేదీని గూర్చి చెప్పదలచితిని.

అమెరికాలోని మాసచూసెట్సు రాష్ట్రమున గ్లౌస్టరు అను రేవుపట్టణము కలదు. చేపలవేటకు పేరొందినది. ఫిట్జ్ హెన్రీ లేన్ అను చిత్రకారుడచట 1804లో జన్మించెను. పసితనముననే కాళ్లు చచ్చుబడుటచే చంకకర్రలతో నడచెడివాడు. బోస్టను నగరమున రాతిఅచ్చు పని చేసి, పిదప స్వస్థలమునకు మరలి, సముద్రమును, ఓడలను తైలవర్ణములతో చిత్రించుచు కాలము గడపెను.

1864లో ఆయన ‘బ్రేసెస్ రాక్’ అను తీరపుబండను చిత్రించెను. పటము సుమారు 10 అంగుళముల యెత్తు, 15 అంగుళముల వెడల్పు మాత్రమే. నీరు అద్దమువలె నిశ్చలము. బండ నీడ చెదరక నీటిలో నిలిచియున్నది. మనుష్యసంచారము లేదు. ఒడ్డున పాడుపడిన పడవ యొకటి ఒరిగియున్నది.

చూచినవారు దీనిని శాంతిచిత్రమందురు. కాని ఆ యేటి చరిత్రలో శాంతి లేదు. 1861లో మొదలైన ఉత్తర దక్షిణ రాష్ట్రముల యుద్ధమప్పటికి ముగియలేదు. దక్షిణపు రేవులను ఉత్తరపు నౌకలు దిగ్బంధించుటచే లాంకషైరు మిల్లులకు ప్రత్తి కరవై, మన దేశపు ప్రత్తికి ధర మిక్కిలి పెరిగెను. ఇక మన కృష్ణాతీరమున, అదే యేడు నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై ఉప్పెన విరుచుకుపడి సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొనెను.

అట్లని లేన్ అసత్యము చిత్రించెనని నేననను. ముక్త్యాలవాడనగుటచే నాకిది సులభముగ బోధపడినది. వేసవిలో మా యొద్ద కృష్ణ సన్నగిల్లి బండలు బయటపడును. నీరు కదలుచున్నదా యని సందేహము కలుగును. ఆ నదియే 2009 అక్టోబరులో పొంగి ఊళ్లను ముంచినది. వేసవి నిశ్చలతయు నిజమే, వరదయు నిజమే. ఒకదానిని చూచి రెండవది లేదనుకొనుటయే పొరపాటు.

యుద్ధము 1865 ఏప్రిలులో ముగియనారంభించెను. లేన్ ఆ ఆగస్టులో మరణించెను. ఆ పాడుపడవను ఏ యుద్ధమునకు గుర్తుగ ఉంచెనో, కేవలము కంటబడినదాని నుంచెనో నిర్ణయించుట మన పని కాదు. ఐనను ప్రశాంతమైన పటమేదైన కంటబడినపుడు, ఇది ఏ యేటిది, ఆ యేడు జనులెట్లుండిరి అని యడుగుట మన విధి. అట్లడిగినవానికి ఆ పడవ కేవలము అలంకారముగ కనబడదు.