తెలుగు సినీ గానంలో ఎకార ఒకారాలు: లిపి, మాత్ర, ఉచ్చారణ

పదాలు ప్రధానంగా అచ్చులతో ముగియడం వల్ల తెలుగుకు ‘ప్రాచ్య ఇటాలియన్’ అనే ప్రశస్తి ఏర్పడింది. గాయకుల దృష్టితో చూస్తే ఈ పోలిక అజంతత్వంతో ఆగదు. ఇటాలియన్‌లో ఊనిక గల ఎ, ఒ అచ్చులకు వివృత, సంవృత భేదం ఉంది. ‘పెస్కా’ను వివృతంగా పలికితే పీచ్ పండు, సంవృతంగా పలికితే చేపల వేట. వాడుక లిపి ఈ భేదాన్ని చూపదు కనుక శాస్త్రీయ గాయకులు దానిని ప్రత్యేకంగా అభ్యసించవలసి ఉంటుంది.

తెలుగులో ఇవే అచ్చులకు మాత్రాభేదం ప్రధానం: మెడ–మేడ, కొన–కోన. తెలుగు లిపి దీనిని స్పష్టంగా చూపుతుంది. హిందీ రాతలోని దేవనాగరిలో మాత్రం హ్రస్వ ఎ, ఒలకు ప్రత్యేకాక్షరాలు లేవు. 1969లో ‘భలే తమ్ముడు’ చిత్రంలో ఎన్.టి. రామారావుకు మహమ్మద్ రఫీ పాడిన నాటికి తెలుగు చిత్ర పరిశ్రమకు మద్రాసే కేంద్రం. అనంతర దశాబ్దాలలో అది హైదరాబాదుకు తరలి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో స్థిరపడినా హిందీ గాయకులచేత పాడించే సంప్రదాయం కొనసాగింది. పాటను దేవనాగరిలోనో, సాధారణ రోమన్ లిపిలోనో రాసుకున్న గాయకునికి మెడ, మేడ ఒకే రూపంలో కనిపిస్తాయి. బాణీలోని సాగదీత ఆ సందిగ్ధతను పెంచుతుంది. కాబట్టి ఉచ్చారణ దోషాన్ని గాయకుని యాసకే ఆపాదించడం అసమగ్రం. అతని చేతిలోని రాతప్రతినీ పరిశీలించాలి.