తూలకుండా నిలబడే విద్య

ఒక మనిషి ఊరక నిలబడి ఉంటే అతడు ఏ పనీ చేయడం లేదని అనుకుంటాము. నిజానికి అతడు ఎడతెగని పనిలో ఉన్నాడు. శరీరపు బరువంతా బొడ్డుకు కొంచెం దిగువన ఒక బిందువు వద్ద ఉన్నదని భావించవచ్చును. దీనినే గరిమనాభి అంటాము. అది నేలకు సుమారు మూడడుగుల ఎత్తున ఉన్నది. దానికి ఆధారం రెండు పాదాలు, వాటి నడుమ ఉన్న కొద్దిపాటి చోటు మాత్రమే. గరిమనాభి నుండి కిందికి దించిన నిలువుగీత ఆ చోటును దాటి బయటికి పోయిందా, మనిషి అడుగు వేసి సర్దుకోవాలి, లేదా పడాలి. అరచేతిపై కర్రను నిలబెట్టి ఆడే పిల్లవాడు చేతిని అటూ ఇటూ ఎట్లా జరుపుతూ ఉంటాడో, మన పిక్కల కండరాలు కూడ మనకు తెలియకుండానే శరీరాన్ని ముందుకూ వెనుకకూ అట్లా సవరిస్తూ ఉంటాయి.

ఈ విద్యను మనమంతా ఏడాది వయస్సులో తప్పటడుగులు వేస్తూ, పడుతూ లేస్తూ నేర్చుకున్నాము. నేర్చుకున్న సంగతే మరచిపోయాము. అందువల్ల డెబ్బై ఏండ్లు దాటిన పెద్దవారు కాలు తడబడి పడితే “వయస్సు మీద పడ్డది, ఏం చేస్తాము” అని ఊరుకుంటాము. వైద్యులు సైతం చాలాకాలం అట్లాగే ఊరుకున్నారు. ఇది చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది మరణిస్తున్నారు. ప్రమాద మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. నిలబడడం నేర్చుకున్న విద్య అయినప్పుడు దానిని ముసలితనంలో మళ్లీ నేర్పవచ్చును గదా! ఈ ఆలోచన వైద్యశాస్త్రానికి తట్టడానికి నూరేండ్లకు పైగా పట్టింది. ముందుగా, మనిషి దేని సాయంతో నిలబడుతున్నాడో తెలియవలసి వచ్చింది.

1840ల దశకంలో బెర్లిన్ నగరంలో మోరిట్జ్ రోంబెర్గ్ అనే వైద్యుడు నాడీరోగాలపై ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. వెన్నుపాము వెనుక భాగం చెడిపోయే ఒక వ్యాధిని అందులో వర్ణించాడు. ఆ రోగులు కళ్లు తెరిచి ఉన్నంతసేపూ ఒక మాదిరిగా నిలబడగలరు. కళ్లు మూయమంటే తూలిపోతారు. ఉదయం ముఖం కడుక్కోవడానికి నీళ్ల పళ్లెం మీదికి వంగి, కళ్లు మూసుకున్న క్షణంలో వారు పడబోతారు. కారణం ఇది: పాదాల నుండి, కీళ్ల నుండి, కండరాల నుండి “కాలు ఇక్కడ ఉన్నది, మడమ ఇట్లా వంగింది” అనే వార్తలు వెన్నుపాము ద్వారా మెదడుకు పోతుంటాయి. ఆ దారి తెగినప్పుడు కన్ను ఆ పని చేసిపెడుతుంది. కన్ను కూడ మూసుకుంటే దిక్కు లేదు. నేటికీ వైద్యులు చేసే ఈ పరీక్షకు రోంబెర్గ్ పేరే ఉన్నది. ఉపాధ్యాయులు తరగతిలో దీనిని చూపవచ్చును. ఒక విద్యార్థిని ఒక పాదం మడమ రెండవ పాదం వేళ్లకు ఆనించి నిలబడమని, తరువాత కళ్లు మూయమని చెప్పండి. పక్కన మరొకరిని నిలపండి. ఇంట్లో తాతగారి మీద మాత్రం ఈ ప్రయోగం చేయరాదు.

కన్ను, పాదం కాక మూడవ వార్తాహరుడు మరొకడు ఉన్నాడు. అతడు చెవి లోపల దాగి ఉన్నాడని ఎవరూ ఊహించలేదు. 1820లలో పారిస్‌లో పియేర్ ఫ్లూరాన్స్ పావురాల లోపలి చెవిలో ఉన్న అర్ధవృత్తాకారపు గొట్టాలను ఒక్కొక్కటిగా కోసి చూశాడు. అడ్డంగా ఉన్న గొట్టాన్ని కోస్తే పావురం తలను అటూ ఇటూ తిప్పసాగింది. నిలువుగా ఉన్నదానిని కోస్తే పైకీ కిందికీ ఊపసాగింది. వినికిడి మాత్రం పోలేదు. చెవిలో ఉండి వినికిడికి పనికిరాని ఈ గొట్టాలు దేనికి? ఫ్లూరాన్స్‌కు సరియైన జవాబు దొరకలేదు. 1861లో పారిస్‌లోనే ప్రాస్పర్ మెన్యేర్ అనే వైద్యుడు, హఠాత్తుగా తల తిరిగి పడిపోయే కొందరు రోగుల జబ్బు మెదడులో లేదు, చెవిలో ఉన్నదని చెప్పాడు. అంతవరకు అటువంటివారికి మెదడులో రక్తం పోటెత్తిందని నెత్తురు తీసేవారు. మరుసటి ఏడాదే మెన్యేర్ చనిపోయాడు; ఆ జబ్బుకు అతని పేరు తరువాత స్థిరపడింది.

గొట్టాల రహస్యం 1873–75 మధ్య ముగ్గురికి విడివిడిగా తెలిసింది. ప్రాగ్‌లో భౌతికశాస్త్రజ్ఞుడు మాక్, వియన్నాలో వైద్యుడు బ్రాయర్, ఎడింబరోలో రసాయనశాస్త్రజ్ఞుడు క్రమ్ బ్రౌన్. గొట్టాలలో ద్రవం ఉన్నది. తల తిరిగినప్పుడు గొట్టం తలతోపాటు తిరుగుతుంది, ద్రవం జడత్వం వల్ల వెనుకబడుతుంది. ఆ తేడా అక్కడి సన్నని రోమాలున్న కణాలను వంచుతుంది. మన ఆడపిల్లలు చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప తిరిగి ఆగినప్పుడు లోకమంతా తిరుగుతున్నట్లు ఎందుకు తోస్తుంది? కాళ్లు ఆగినా చెవిలో జరిగిన కదలిక ఇంకా సర్దుకోలేదు గనుక.

వియన్నాలోని రాబర్ట్ బారానీ కథ ఇంకా చిత్రమైనది. చెవి కడిగేటప్పుడు కొందరు రోగులు తల తిరుగుతున్నదని అనేవారు. వారి కనుగుడ్లు ఒక పక్కకు కొట్టుకొనేవి. నీళ్లు చల్లగా ఉన్నందువల్లనే ఇట్లా అవుతున్నదని ఒక రోగి ఫిర్యాదు చేశాడు. సరేనని వేడినీళ్లు పోస్తే మళ్లీ తల తిరిగింది, కాని కనుగుడ్లు ఈసారి ఎదురుదిక్కుకు కొట్టుకొన్నాయి. వేడి తగిలిన ద్రవం తేలికై పైకి పోతుంది, చల్లబడినది కిందికి దిగుతుంది. ఈ సంవహనమే గొట్టంలో ప్రవాహం పుట్టిస్తున్నదని బారానీ గ్రహించాడు. (1983లో అంతరిక్షంలోని స్పేస్‌ల్యాబ్‌లో, బరువు తెలియని చోట, ఇదే ప్రయోగం చేస్తే అక్కడా కనుగుడ్లు కదిలాయి. కాబట్టి సంవహనం ఒక్కటే కారణం కాదన్నమాట.) ఈ కృషికి 1914వ సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు ఇచ్చినప్పుడు ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు! స్వీడన్ రాజకుమారుని చొరవతో 1916లో విడుదలయ్యాడు.

ఇంత తెలిసినా రోగికి ఒరిగినది స్వల్పం. తల తిరుగుతున్నదా, కదలకుండా పడుకో, తల ఊపవద్దు – ఇదీ వైద్యుల సలహా. వినడానికి సబబుగానే ఉన్నది. కదిలితే బాధ, కదలకపోతే బాధ లేదు. ఈ సలహా తప్పని తేల్చినది రెండవ ప్రపంచయుద్ధం.

లండన్‌లో టెరెన్స్ కాథార్న్ చెవి శస్త్రవైద్యుడు. మెన్యేర్ జబ్బు ముదిరినవారికి ఒక వైపు లోపలి చెవిని పనిచేయకుండా చేసే శస్త్రచికిత్స చేసేవాడు. అదే సమయంలో యుద్ధంలో తలకు దెబ్బలు తగిలినవారు వచ్చేవారు. ఇద్దరిదీ ఒకటే బాధ: ఒక చెవి వార్త పంపుతుంది, రెండవది పంపదు, మెదడుకు వచ్చే లెక్క సరిపోదు. వీరిలో త్వరగా లేచి తిరిగినవారు త్వరగా బాగుపడుతున్నారని, మంచం పట్టినవారు నెలల తరబడి తూలుతున్నారని ఆయన గమనించాడు. భౌతిక చికిత్సా వైద్యుడు కుక్సీతో కలిసి ఆయన ఒక వ్యాయామ క్రమాన్ని సిద్ధం చేశాడు. 1944–46 మధ్య వారు దీనిని ప్రకటించారు.

ఆ క్రమం చూస్తే పిల్లల ఆటలా ఉంటుంది. మొదట పడకలోనే కళ్లను పైకీ కిందికీ, పక్కలకూ తిప్పాలి. మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా. తరువాత తలను అట్లాగే తిప్పాలి, చివరకు కళ్లు మూసుకొని. ఆ తరువాత కూర్చొని వంగి నేలపై వస్తువును అందుకోవాలి. తరువాత కూర్చున్న చోటు నుండి లేవడం, కళ్లు తెరిచి, ఆ పిదప మూసుకొని. చిన్న బంతిని కంటి ఎత్తుకు పైగా ఒక చేతి నుండి రెండవ చేతికి విసరడం. ఏటవాలు మీదా మెట్ల మీదా ఎక్కడం, దిగడం. చివరకు అందరూ గుంపుగా ఒక మనిషి చుట్టూ తిరుగుతూ అతడు విసిరిన పెద్ద బంతిని పట్టి తిరిగి విసరడం. ఏ కదలిక తల తిప్పుతుందో ఆ కదలికనే వెతికి వెతికి చేయించారు. ఎందుకంటే మెదడుకు తన లెక్కలోని తప్పు తెలియాలి. తప్పు తెలియాలంటే తప్పు జరగాలి. పడుకొని ఉన్న మెదడుకు సవరించుకోవలసిన అవసరం ఏమున్నది? నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు నోబెల్ బహుమతి కాదు, ఈ బంతి ఆటే.

ముసలివారి విషయంలో ఇదే పాఠం మరొక దారిన వచ్చింది. 1935లో లండన్ శివార్లలోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి పక్కనే ఉన్న అనాథ వైద్యశాలలోని 714 పడకలు చేరాయి. వాటి బాధ్యత మార్జరీ వారెన్ అనే వైద్యురాలిపై పడింది. ఏండ్ల తరబడి లేవని వృద్ధులు అక్కడ ఉన్నారు. ఆమె ఒక్కొక్కరినీ పరీక్షించి, లేపి, నడిపించి, చాలామందిని ఇండ్లకు పంపగలిగింది. వారిని పడకకు కట్టివేసినది జబ్బు కొంత, పడక మరి కొంత అని తేలింది.

వృద్ధులు ఎట్లా పడుతున్నారో నిలిచి చూసినవాడు వుల్వర్‌హాంప్టన్ వైద్యుడు జె. హెచ్. షెల్డన్. 1960లో ఆయన 202 మంది పడిన 500 సందర్భాలను వివరంగా ప్రకటించాడు. కాలు తగిలి, జారి పడినవి సుమారు మూడోవంతు మాత్రమే. 1963లో ఆయన మనుష్యులు నిలబడినప్పుడు కలిగే ఊగులాటను వయస్సువారీగా కొలిచాడు. చిన్నపిల్లలలో అది ఎక్కువ, నడివయస్సులో అతి తక్కువ, వార్ధక్యంలో మరల ఎక్కువ. అంటే నిలబడే విద్య వస్తుంది, నిలుస్తుంది, జారుతుంది. కంటిచూపు మందగించడం, పాదాల స్పర్శ మొద్దుబారడం, చెవిలోని రోమకణాలు తగ్గడం – ముగ్గురు వార్తాహరులూ ఒకేసారి బలహీనపడతారు. పిక్కల, తొడల కండరాలు కూడ సన్నబడతాయి.

1988లో అమెరికాలో మేరీ టినెట్టీ, ఆమె సహచరులు 75 ఏండ్లు దాటి ఇండ్లలో ఉంటున్న 336 మందిని ఒక ఏడాది గమనించారు. 32 శాతం మంది ఒక్కసారైనా పడ్డారు. దెబ్బకన్న కీడైనది భయం. పడినవారు పనులు తగ్గించుకుంటారు, తగ్గించిన కొద్దీ కండరం తగ్గుతుంది, మెదడుకు అభ్యాసం తగ్గుతుంది, మరల పడతారు. “నీవు కూర్చో అమ్మా, నేను తెస్తాను” అని ప్రేమతో చెప్పే పిల్లలు సైతం తెలియక ఈ చక్రాన్ని తిప్పుతున్నారేమో!

దీనిని తెంచవచ్చునా అని 1990లలో లెక్కపెట్టి చూశారు. అట్లాంటాలో 70 ఏండ్లు దాటిన 200 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు కంప్యూటరు పలకపై సమతూకపు శిక్షణ, ఒక జట్టుకు తాయ్ చీ అనే పాత చైనా వ్యాయామం, మూడవదానికి మాటలతో బోధన. 1996లో వచ్చిన ఫలితం ప్రకారం తాయ్ చీ జట్టులో పలుమార్లు పడే ప్రమాదం 47.5 శాతం తగ్గింది. యంత్రపు జట్టులో అట్లా తగ్గలేదు. బరువును నెమ్మదిగా ఒక కాలి నుండి మరొక కాలికి మార్చుతూ, నడుము తిప్పుతూ చేసే వ్యాయామం అది. జీవితంలో మనం పడేది కూడ అటువంటి మార్పుల్లోనే గాని పలకపై నిశ్చలంగా ఉన్నప్పుడు కాదు.

మరుసటి ఏడాది న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరం నుండి మరింత సాదా ప్రయోగం వచ్చింది. 80 ఏండ్లు, ఆపైన ఉన్న 233 మంది స్త్రీలు అందులో ఉన్నారు. సగం మందికి ఫిజియోథెరపిస్టు రెండు నెలలలో నాలుగుసార్లు ఇంటికి వచ్చి వ్యాయామం నేర్పింది. చీలమండకు కట్టే చిన్న బరువులు, మోకాళ్లు కొంచెం వంచి లేవడం, ఒంటికాలిపై నిలబడడం, మడమకు వేళ్లు ఆనించి నడవడం, వెనుకకు నడవడం. వారంలో కొన్నిసార్లు బయట నడక. మిగతా సగం మందిని పలకరించి వచ్చేవారు, అంతే. ఏడాది తిరిగేసరికి పలకరింపు జట్టులో 152 సార్లు, వ్యాయామపు జట్టులో 88 సార్లు పడ్డారు. ఎనభై ఏండ్ల తరువాత కూడ విద్య మళ్లీ వస్తుందన్నమాట. 2019 నాటికి ప్రపంచమంతటా జరిగిన ఇటువంటి 108 ప్రయోగాలను కలిపి పరిశీలించారు. వ్యాయామం వల్ల పడడం సగటున 23 శాతం తగ్గినట్లు తేలింది. నూరుసార్లు పడేచోట 77సార్లు. డునెడిన్ అంత గొప్ప ఫలితం కాదు గాని తక్కువదీ కాదు. ఒట్టి నడక మాత్రమే చాలునా అన్నదానికి బలమైన రుజువు దొరకలేదు. సమతూకాన్ని కొంచెం ఇబ్బంది పెట్టే వ్యాయామమే పనిచేసింది.

ఆ ఇబ్బందిని కొలిచి పెట్టడమే ఫిజియోథెరపిస్టు నేర్పు. మొదట రెండు చేతులతో బల్ల అంచు పట్టుకొని ఒంటికాలిపై నిలబడమంటారు. అది కుదిరినప్పుడు ఒక చేయి వదలమంటారు. తరువాత పక్కన మనిషి ఉండగా రెండవ చేయి కూడ వదలమంటారు. తూలడం మొదలైన చోటనే అభ్యాసం జరుగుతుంది. పట్టుకోవడానికి బల్ల మాత్రం చేతికందేంత దగ్గరలో ఉండాలి.