పర్లాకిమిడి లైట్ రైల్వే: నిర్మాత ఎవరు?

భావనపాడు తీరాన్ని వదిలి లోపలికి వస్తే ఉప్పు మడులు, వాటికి ఎగువన నౌపడ స్టేషను కనిపిస్తాయి. బెజవాడ–కటకం ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం 1893–96 మధ్య దశలవారీగా తెరుచుకున్నప్పుడు పర్లాకిమిడి జమీందారీ ముఖ్యపట్టణం దానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కొండల అంచున ఉండిపోయింది. ఆ లోటు తీర్చడానికి పుట్టినదే పర్లాకిమిడి లైట్ రైల్వే. పేరు కంపెనీని తలపించినా ఇది వాటాదారుల సంస్థ కాదు, జమీందారు సొత్తు. 1898లో ప్రభుత్వ అనుమతి లభించింది. సుమారు ఏడు లక్షల రూపాయల వ్యయంతో నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా వేసిన ఈ నేరోగేజి మార్గం 1900 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. పట్టాల నడుమ వెడల్పు 2 అడుగుల 6 అంగుళాలు మాత్రమే.

దీని నిర్మాతగా పలు రచనలు కృష్ణచంద్ర గజపతిని పేర్కొంటున్నాయి. కాలక్రమం ఇందుకు అంగీకరించదు. ఆయన జననం 1892లో. అనుమతి వచ్చేనాటికి ఆయనకు ఆరేళ్లు. నిర్మాణ కర్తృత్వం తండ్రి గౌరచంద్ర గజపతి కాలానికే చెందాలి. కుమారుని కీర్తి తండ్రి కృషిని కప్పివేసిందనుకోవాలి. సంస్థాన చరిత్రలలో ఇది అరుదేమీ కాదు.

అయితే కృష్ణచంద్రుని పాత్ర తక్కువదీ కాదు. తొలి దశాబ్దమంతా ఈ మార్గం నష్టాలలోనే నడిచింది. 1910 తరువాత స్వల్ప లాభాలు కనిపించాయి, 1924–25 నుంచి అవి పెరిగాయి. ఆ ధైర్యంతోనే ఆయన 1929, 1931లలో రెండు దశలుగా మార్గాన్ని గుణుపురం వరకు పొడిగించాడు. తండ్రి పట్టణాన్ని ప్రధానమార్గానికి కలిపితే, కొడుకు ఏజెన్సీ అంచు దాకా వెళ్లాడు. ఈ రెండింటినీ ఒకే కార్యంగా చెప్పడం వల్ల నడుమనున్న మూడు దశాబ్దాల ఆర్థిక చరిత్ర మరుగున పడుతోంది.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అందుకు పాటుపడిన ప్రముఖులలో కృష్ణచంద్రుడు ఒకడు. మరుసటి ఏడు దాని తొలి ప్రధానమంత్రి కూడా ఆయనే. పర్లాకిమిడి, గుణుపురం అటు చేరగా నౌపడ, టెక్కలి, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే మిగిలాయి. ఆయన కోరిన సరిహద్దే ఆయన కుటుంబపు రైలుమార్గాన్ని రెండుగా చీల్చింది. నేరోగేజి బండ్లు మాత్రం ఆ సరిహద్దును దాటుతూ 2004 వరకు నడిచాయి. 2011లో అదే దారిన బ్రాడ్‌గేజి బండి వచ్చింది.