మన బొగ్గుబాయి ఊళ్లో గ్రామఫోను ప్లేట్లు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, అందరిలాగే మన సార్ల గురించో, గోడ దూకి మ్యాట్నీకి పోయిన రోజుల గురించో రాద్దామనుకున్నాను. కానీ మా ఇంటికి వచ్చిన మన బ్యాచ్ వాళ్లు, ఒక గది నిండా ఉన్న పాత రికార్డులను చూసి ప్రతిసారీ ఒకటే అడుగుతారు: "ఈ పిచ్చి నీకెట్ల పట్టిందిరా?" ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ని. అసలు జవాబు ఇప్పుడు రాస్తున్నాను. అది అర్థం కావాలంటే ముందు ఆ ప్లేట్ల చరిత్ర కొంత చెప్పాలి.

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫు కనిపెట్టాడు. అందులో పాట గొట్టంలాంటి సిలిండరు మీద ఎక్కేది. పదేళ్ల తర్వాత, 1887లో, ఎమిలి బెర్లినర్ పళ్లెంలాంటి బల్లపరుపు రికార్డుకు పేటెంటు తీసుకున్నాడు. ఇంజనీరుగా చూస్తే అసలు గెలుపు ఇక్కడే ఉంది. పళ్లెం అయితే ఒక్క అచ్చుతో వేల కాపీలు గుద్దవచ్చు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు కలకత్తా వచ్చాడు. ఆ నవంబరులో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పేది. అప్పట్లో ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడి వాళ్లకు ఎవరి పాటో తెలియడానికే అలా చెప్పించారంటారు. 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ వచ్చింది.

ఆ ప్లేట్లను దేనితో చేసేవారో తెలిస్తే మన ప్రాంతం వాళ్లకు ముచ్చటేస్తుంది. లక్కతో! మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద బతికే లక్కపురుగు ఇచ్చే జిగురు అది. దానికి రాతిపొడి కలిపి, నలుపు కోసం మసి చేర్చి, వేడి మీద అచ్చు గుద్దేవారు. ప్రపంచమంతా తిరిగిన ప్లేట్లకు లక్క ఎక్కువగా మన దేశం నుంచే పోయేది. అందుకే పాత ప్లేటు బరువుగా ఉంటుంది, కిందపడితే పెంకులా పగులుతుంది.

తెలుగులో ఈ పెట్టెకు ప్రాణం పోసినవి పద్యనాటకాలు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి వారి హరిశ్చంద్ర, కాళ్లకూరి నారాయణరావు చింతామణి ఊరూరా ఆడుతున్న కాలం. స్టేజీ మీద 'వన్స్ మోర్' అంటే మళ్లీ మళ్లీ రాగం తీసి పాడే నటులు, పది అంగుళాల ప్లేటు కోసం ఒక పద్యాన్ని మూడు నిమిషాల్లోకి కుదించుకున్నారు. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు వంటి వాళ్ల గొంతులు నాటకం చూడని ఊళ్లకు కూడా అలాగే చేరాయి. 1932లో 'భక్త ప్రహ్లాద' టాకీ వచ్చాక సినిమా పాటలు మొదలయ్యాయి. మనం రోజూ పొద్దున ప్రార్థనలో పాడిన 'మా తెలుగు తల్లికి' పాట కూడా టంగుటూరి సూర్యకుమారి పాడిన రికార్డు ద్వారానే జనంలోకి వచ్చింది. వరుసలో నిలబడి పాడిన మనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇక మన ఊరి సంగతి. సింగరేణి కంపెనీ 1920 నాటిది. ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి పాత బాయిలు. గోదావరిఖనిలో బాయిలు మొదలైంది 1960ల తొలినాళ్లలో. అంటే మన ఊరు పుట్టేనాటికి గ్రామఫోను యుగం ముగింపుకొచ్చింది. మన దగ్గర పాత మేడలు లేవు, తాతల నాటి అటకలు లేవు. అందరూ ఎక్కడెక్కడి నుంచో ట్రంకు పెట్టెతో వచ్చినవాళ్లే. ప్లేట్లు వస్తే ఆ ట్రంకు పెట్టెల్లోనే వచ్చాయి. వాటిని నిలబెట్టింది మాత్రం మైక్ సెట్టు దుకాణాలు.

మైక్ సెట్టు లేనిదే మన ఊళ్లో ఏదీ జరిగేది కాదు. పెళ్లికి సినిమా పాటలు, వినాయక చవితికి భక్తి పాటలు, యూనియన్ మీటింగుకు ముందు జనం పోగయ్యేదాకా ఏవో ఒకటి. ఎవరైనా పోతే ఘంటసాల భగవద్గీత. 'దానవీరశూర కర్ణ' డైలాగులు విని నేర్చుకుని క్లాసులో అప్పజెప్పిన వాళ్లు మన బ్యాచ్‌లోనే నలుగురున్నారు. 'రికార్డింగ్ డ్యాన్స్' అనే మాట కూడా ఈ రికార్డుల నుంచి పుట్టిందే.

మన బడికి ఆగస్టు పదిహేనుకు, వార్షికోత్సవానికి మైక్ సెట్టు తెచ్చే ఆయన మీకు గుర్తుండే ఉంటాడు. పేరేమిటో మనలో చాలామందికి తెలియదు, అందరికీ మైకు కాకనే. వేపచెట్టు కొమ్మకు లౌడ్‌స్పీకరు కట్టడానికి నిచ్చెన పట్టుకునే పని నాది. వైర్లు, యాంప్లిఫయరు, ముల్లు ఎట్ల పనిచేస్తాయో నాకు మొదట చెప్పింది ఆయనే. నేను ఇంజనీరునవడంలో ఆయన పాలు కొంత ఉంది.

1987లో నాకు ఇంజనీరింగు సీటు వచ్చినప్పుడు మైకు కాక ఒక చెక్కపెట్టె ఇచ్చాడు. అందులో అరవై దాకా 78 ఆర్.పి.ఎం. ప్లేట్లు, ఎక్కువగా నాటక పద్యాలు. అప్పటికి క్యాసెట్లు వచ్చి వాటిని అడిగేవాళ్లు లేరు. "నా దగ్గరుంటే పలుగుతయి బిడ్డా. నీ దగ్గర దాచిపెట్టు. ఎప్పుడన్న ఒకనాడు కూసుండి ఇందాం" అన్నాడు.

1996లో బాపు రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. నేను వేరే ఊళ్లో థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగంలో ఉన్నాను. "ఈ పెట్టె ఏం చెయ్యాలె?" అని బాపు ఫోన్‌లో అడిగాడు. "పాత సామాన్లోనికి ఇచ్చెయ్యి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు. పాత సామాన్లాయన చెక్కపెట్టెకు మాత్రం పది రూపాయలిచ్చి, ప్లేట్లు తూకానికి పనికిరావని క్వార్టరు వెనకే కుప్ప పోసిపోయాడట. వాడ పిల్లలు వాటిని గాల్లోకి విసిరి ఆడుకున్నారట.

మూడేళ్ల తర్వాత చౌరస్తాలో మైకు కాక కలిశాడు. బాగా చిక్కిపోయాడు. మొదట అడిగింది అదే. "పెట్టె ఉన్నదా బిడ్డా?" "ఉన్నది కాకా" అన్నాను. "ఈసారి వచ్చినప్పుడు పట్కరా, ఇందాం" అన్నాడు. ఆ ఈసారి రాకముందే ఆయన పోయాడు.

పిచ్చి పట్టింది అప్పుడు. ఆ అరవై ప్లేట్లలో నాకు గుర్తున్నవైనా మళ్లీ సంపాదించాలని హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం అంగడికి, జుమేరాత్ బజారుకు తిరిగాను. కొత్త సేకర్తలందరూ చేసే తప్పే నేనూ చేశాను. మెరిసే ఇత్తడి హారన్ ఉన్న 'నూరేళ్ల గ్రామఫోను' కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే పెట్టె కొత్తది, హారన్ కొత్తది, మోటారు ఏదో పాత పోర్టబుల్‌ది. తర్వాతే నిజమైన హెచ్.ఎం.వి. 102 పెట్టె దొరికింది. 1931లో వచ్చిన మోడలు అది. దాని స్ప్రింగు మోటారు విప్పి చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మూడు చిన్న బరువులు తిరుగుతూ వేగాన్ని అదుపు చేసే గవర్నరు. మా టర్బైన్‌ను 3000 చుట్ల దగ్గర నిలబెట్టే సూత్రమే ఇక్కడ 78 దగ్గర నిలబెడుతోంది. వేగం సరిచూడడానికి 77 గీతలున్న అట్టపళ్లెం వాడతారు. 50 హెర్ట్జ్ కరెంటుకు ట్యూబులైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. ఆ వెలుగులో గీతలు కదలకుండా కనబడితే వేగం 78కి సరిగ్గా దగ్గరగా ఉన్నట్టు. అప్పట్లో మన దక్షిణాది గ్రిడ్డు 48 హెర్ట్జ్‌కు పడిపోయేది. అలాంటి రోజు సరిచూస్తే గీతలు నిలబడేవి గానీ పద్యం మాత్రం నెమ్మదించి, గొంతు బరువెక్కేది!

తిరుగుతున్న కొద్దీ నాలాంటి వాళ్లు చాలామంది తగిలారు. కొందరిది వారసత్వం, ఇంట్లో తాత పెట్టె ఉంటుంది. కొందరిది సంగీతం, ఒక గాయకుడి పాటలన్నీ కావాలని బయలుదేరి మునిగిపోతారు. తెలుగువాళ్లలో ఇలా పాటను వెతుక్కుంటూ పోయి వేల రికార్డులు కూడబెట్టి, ఎవరు పాడారో, ఎవరు రాశారో తేల్చి చెప్పిన పెద్దాయన మద్రాసులో స్థిరపడ్డ వి.ఎ.కె. రంగారావు గారు. బొంబాయిలో 1990లో రికార్డు సేకర్తల సంఘమే ఏర్పడింది. కేరళలో కొట్టాయం దగ్గర ప్లాశనాల్ అనే చిన్న ఊళ్లో సన్నీ మాథ్యూ అనే ఆయన తన సేకరణతో 2015లో మ్యూజియమే తెరిచారు. మరికొందరిది నా దారి. పోగొట్టుకున్నాకే వెతకడం మొదలుపెడతారు. నాకు తెలిసినంతలో ఈ చివరి రకమే ఎక్కువ.

ఇప్పుడు నా దగ్గర ఆరువందల ప్లేట్లున్నాయి. మైకు కాక పెట్టెలోని వాటిలో పద్నాలుగు మళ్లీ దొరికాయి. అవే పద్యాలు, అవే గొంతులు. కానీ లేబుల్ మీద ఆయన పెన్సిలుతో పెట్టుకున్న గుర్తులు వీటి మీద లేవు.

ఇదంతా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మన తరం ఇప్పుడు రిటైరవుతోంది. మనలో చాలామంది బాపులు క్వార్టర్లు ఖాళీ చేసినట్టే మనమూ చేస్తున్నాం. మన బాయి పాటలు, గద్దర్ పాటలు, యూనియన్ ఉపన్యాసాలు లక్క ప్లేట్లకు ఎక్కలేదు, క్యాసెట్లకు ఎక్కాయి. మన అమ్మల బతుకమ్మ పాటలు టేప్ రికార్డరులో పట్టినవాళ్లు కూడా మనలో ఉన్నారు. ఆ టేపు ఏటికేడు పాడవుతోంది. కాబట్టి ట్రంకు పెట్టె పారేసేముందు ఒక్కసారి తెరిచి చూడండి. ప్లేట్లు దొరికితే ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలబెట్టి పెట్టండి. స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. క్యాసెట్లు దొరికితే ఎవరి గొంతో పైన రాసిపెట్టండి, వీలైనంత త్వరగా కాపీ తీయించండి.

స్వర్ణోత్సవం రోజున నా 102 పెట్టె, ఆ పద్నాలుగు ప్లేట్లు బడికి తెస్తున్నాను. వేపచెట్టు కింద పెడతాను. మైకు అవసరం లేదు, దగ్గరకొచ్చి కూర్చుంటే చాలు. కాక అన్నట్టు, కూసుండి ఇందాం.