మన ఇళ్ళల్లో రెన్ అండ్ మార్టిన్

పోటీ పరీక్షలకి చదివే పిల్లలున్న ఇంట్లో అలమర వెతికితే రెండు పుస్తకాలు దొరక్క మానవు. ఒకటి రెన్ అండ్ మార్టిన్ గ్రామరు. రెండోది నార్మన్ లూయిస్ రాసిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ'. అట్టలు ఊడిపోయి, అన్న నుంచి చెల్లెలికీ, చెల్లెలి నుంచి పక్కింటి పిల్లకీ చేతులు మారుతూ ఉంటాయి. పప్పు తిరగమోత వేస్తూనే "ఏదీ, ధైర్యానికి ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పు" అని అడిగే తల్లులు మనలో ఎంతమంది లేరు!

ఈ పరీక్ష మన వంటింటి దాకా ఎలా వచ్చిందో చూస్తే తమాషాగా ఉంటుంది. కుంపిణీ కొలువులకి సిఫార్సు మీద కాక పరీక్ష పెట్టి మనుషుల్ని తీసుకోవాలని 1853లో చట్టం చేశారు. మొదటి పరీక్ష 1855లో జరిగింది. ఎక్కడనుకున్నారు? లండన్‌లో! 1854లో మెకాలే కమిటీ వేసిన మార్కుల లెక్క చూడండి. ఇంగ్లీషు వ్యాసానికి 500, ఇంగ్లీషు సాహిత్యానికీ చరిత్రకీ కలిపి 1000. గ్రీకుకి 750, లాటిన్‌కి 750. సంస్కృతానికి 375! ఇక తెలుగు, తమిళం ఆ పట్టికలోనే లేవు. అవన్నీ కొలువుకి ఎంపికయ్యాక నేర్చుకోవలసినవిట.

అయినా మనవాళ్ళు ఊరుకోలేదు. రవీంద్రుడి అన్నగారు సత్యేంద్రనాథ్ టాగోర్ సముద్రం దాటి వెళ్ళి 1863లో నెగ్గారు. 1878లో వయసు హద్దు పంతొమ్మిదికి దించేశారు. ఆ వయసు పిల్లాణ్ణి ఓడెక్కించి అంతదూరం పంపడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది చెప్పండి? అలహాబాదులో పరీక్ష పెట్టడానికి 1922 దాకా ఆగాల్సి వచ్చింది. ఆడపిల్లలకైతే, ఎంత ఇంగ్లీషు వచ్చినా, స్వతంత్రం వచ్చేదాకా ఆ గుమ్మం తెరుచుకోనే లేదు. 1948లో ముత్తమ్మ నెగ్గి విదేశాంగ సర్వీసులో చేరారు. 1951లో అన్నా రాజం ఐ.ఎ.ఎస్. అయ్యారు.

ఇక మన రెన్ దొర బొంబాయి రాష్ట్రంలో విద్యాశాఖ ఉద్యోగి. తరవాత 'బో జెస్ట్' అనే సాహస నవల రాసి పేరు తెచ్చుకున్నాడు. మార్టిన్‌తో కలిసి ఆయన కూర్చిన గ్రామరు హైస్కూలు పిల్లల కోసం. అది మన దగ్గర ఉద్యోగాల వేటలో ఆయుధమై కూచుంది.

అందులో తెలుగు పిల్లలు తడబడేది తెలివి తక్కువై కాదు. వాళ్ళ 'ఎ', 'యాన్', 'ది' మనకి లేవు. వాళ్ళ ప్రిపొజిషన్ నామవాచకానికి ముందు నడిస్తే, మన విభక్తి అణకువగా వెనక నడుస్తుంది. పాసివ్ వాయిసు సరేసరి! "అన్నం నా చేత తినబడింది" అని ఏ ఇంట్లోనైనా అంటారా? ఇన్‌డైరెక్ట్ స్పీచికి వాళ్ళు కాలాలన్నీ తిరగెయ్యాలి. అత్తగారు రమ్మన్నారని కబురు చెప్పడానికి మనకి ఒక్క 'అని' చాలు.

మాటలు పోగెయ్యడం మాత్రం మనకి కొత్త కాదు. పూర్వం పిల్లల చేత అమరకోశం వల్లె వేయించేవారు. ఒక్కో అర్థానికున్న మాటలన్నీ అందులో ఒకచోటే ఉంటాయి. ఇప్పటి సినానిమ్సూ అంతేగా! 1949లో అమెరికాలో లూయిస్ చేసిన మేలేమిటంటే, మాటల వేళ్ళు చూపించడం. 'ఫిల్' అంటే ప్రేమ అని తెలిస్తే పుస్తకప్రియుడైన బిబ్లియోఫైలూ, మనుషుల మేలు కోరే ఫిలాంత్రపిస్టూ ఒక్కసారే మనసులో నిలుస్తారు. గుడ్డిగా వంద మాటలు బట్టీ పట్టడం కన్నా పది వేళ్ళు తెలుసుకోవడం నయం.

కొఠారీ కమిటీ చెప్పినమీదట, 1979 నుంచి సివిల్ సర్వీసు మెయిన్స్ జవాబులు తెలుగులో కూడా రాయొచ్చు. ఇంగ్లీషు పేపరు గట్టెక్కితే చాలు. ఇప్పుడు 300కి 75 రావాలి. ఆ మార్కులు ర్యాంకులో కలపరు. 2011లో ప్రిలిమ్స్‌లోకి ఇంగ్లీషు ప్రశ్నలు వచ్చి చేరితే పిల్లలు వీధికెక్కారు. 2014లో వాటి మార్కులు లెక్కలోంచి తీసేశారు. బ్యాంకు ఆఫీసరు పరీక్షల్లో మాత్రం ఇంగ్లీషు మార్కులకి ఇంకా విలువుంది. అందుకని నేర్చుకోక తప్పదు.

నేర్చుకోవాల్సిందే, కాదనను. కానీ ఆ గుమ్మం ఎత్తుగా కట్టిందీ మనుషులే, తరవాత తగ్గించిందీ మనుషులే. పాసివ్ వాయిసులో తప్పు చేసినంత మాత్రాన పిల్ల మొద్దయిపోదు. ఆ మాట దానికి చెప్పవలసింది ట్యూషను మాస్టారు కాదు, మనమే. భయం పోతే భాష దానంతటదే వస్తుంది, కాదంటారా?