కరోనా కాలంలో విడిది స్థలాలు మళ్లీ తెరిస్తే... పలాస, నౌపడ తీరంలో పాటించాల్సిన శుభ్రత, జాగ్రత్తలు

కారవాన్ అనే మాట మనకు కొత్త కాదు. పారసీ నుంచి ఉర్దూలోకి వచ్చి హైదరాబాద్‌లో ఒక పేటకే పేరైంది. ఇంగ్లీషు వాళ్లు అదే మాట తీసుకుని వంటగది, మంచం ఉన్న బండికి పెట్టుకున్నారు. అలాంటి బళ్లు నిలుపుకోవడానికి కరెంటు, నీళ్లు, మరుగుదొడ్లు ఉన్న స్థలాలు యూరప్‌లో ఊరూరా ఉంటాయి. మన దేశంలో కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానం ప్రకటించింది. శ్రీకాకుళం తీరంలో మాత్రం కారవాన్ అంటే సినిమా వాళ్ల బండే గుర్తొస్తుంది.

పేరు లేకపోయినా పని మాత్రం మనమూ చేస్తూనే ఉన్నాం. టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని, గ్యాస్ పొయ్యి, డేగిశాలు, చాపలు వేసుకుని బారువ బీచ్‌కో, భావనపాడుకో, తేలినీలాపురం పక్షులను చూడ్డానికో వెళ్తాం. సరుగుడు తోటలోనో జీడి తోటలోనో వండుకుని తింటాం. దర్గాలకు వెళ్లే కుటుంబాలు హైవే పక్క ధాబా దగ్గర బండి ఆపి రాత్రి గడుపుతాయి. ఇరవై మంది ఒకే బండిలో ప్రయాణం చేయడం, ఒకే కుళాయి, ఒకే మరుగుదొడ్డి వాడుకోవడం, ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చోవడం ఇక్కడా ఉంటాయి. కాబట్టి కారవాన్ పార్కుల కోసం వచ్చిన నియమాల్లో మనకు పనికొచ్చేవి చాలానే ఉన్నాయి.

అప్పుడు ఏం జరిగింది

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. శ్రీకాకుళం జిల్లాలో మొదటి కేసులు ఏప్రిల్ 25న పాతపట్నం మండలంలో బయటపడ్డాయి. ఆ ఏడాది మన రాష్ట్రంలో మొదటి రోజా కూడా ఆ రోజే. మే 25న ఈద్ నమాజ్ ఇళ్లలోనే జరిగింది. ఆ తర్వాత జూన్ 4న కేంద్ర ఆరోగ్య శాఖ హోటళ్లకు, రెస్టారెంట్లకు, ప్రార్థన స్థలాలకు వేర్వేరుగా మార్గదర్శకాలు ఇచ్చింది. జూన్ 8 నుంచి కంటైన్‌మెంట్ జోన్లు కాని చోట్ల తెరుచుకోవచ్చని చెప్పింది.

ఆ నియమాలు చాలామందికి ఇప్పటికీ గుర్తుండే ఉంటాయి. గేటు దగ్గర టెంపరేచర్ చూడాలి, దగ్గు జ్వరం లేనివాళ్లనే లోపలికి రానివ్వాలి, మాస్కు తప్పనిసరి, మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలి. చేతులు సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడగాలి, శానిటైజర్ అయితే 20 సెకన్లు చాలు. రెస్టారెంట్‌లో సగం సీట్లే నింపాలి. ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య పెట్టి, బయటి గాలి వీలైనంత లోపలికి రానివ్వాలి. 65 ఏళ్లు దాటినవాళ్లు, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, పదేళ్లలోపు పిల్లలు ఇంట్లోనే ఉండాలన్నది సలహా. ఇవన్నీ హోటల్ గదులను, రిసెప్షన్ బల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. తోటలో వండుకునే కుటుంబం గురించి వాటిలో ఒక్క ముక్క లేదు.

రూల్ కాగితం మీద ఉంటే చాలదని జూన్ చివరి వారంలోనే తెలిసింది. పలాసలో కరోనా అనుమానంతో ఒక వృద్ధుడి మృతదేహాన్ని జేసీబీ తొట్టిలో తరలించిన దృశ్యం దేశమంతా చూసింది. మున్సిపల్ కమిషనర్‌ను, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను సస్పెండ్ చేశారు. శిక్ష సరే. కానీ పని చేసే వాళ్లకు శిక్షణ, కిట్లు ఇవ్వకుండా భయం మాత్రమే ఇస్తే అలాంటివే జరుగుతాయి. విడిది నడిపేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. స్వీపర్ చేతికి గ్లౌజులు, మాస్కు ఇవ్వని చోట గోడ మీద ఎన్ని పోస్టర్లు అంటించినా లాభం లేదు.

మరుగుదొడ్డి దగ్గరే అసలు చిక్కు

బ్రిటన్‌లో 2020 జూలైలో కారవాన్ పార్కులు తెరిచినప్పుడు ఒక్కో ప్రాంతం ఒక్కోలా చేసింది. ఇంగ్లండ్ జూలై 4న తెరిచింది. వేల్స్ జూలై 11న ముందుగా సొంత వంటగది, సొంత బాత్రూమ్ ఉన్న బసలకే అనుమతి ఇచ్చి, అందరూ కలిసి వాడే బాత్రూములున్న చోట్లను రెండు వారాల తర్వాత తెరిచింది. స్కాట్లండ్ కూడా అదే దారిలో నడిచింది. వేల్స్ పద్ధతే తెలివైనదని నా అభిప్రాయం. ఆరుబయట గుడారంలో పడుకున్న మనిషి వల్ల పక్కవాడికి వచ్చే ముప్పు తక్కువ. కిటికీ లేని బాత్రూమ్ ముందు పదిమంది క్యూ కట్టినప్పుడే ముప్పు.

మన వైపు పెట్రోల్ బంకుల్లో, ధాబాల్లో, బీచ్ దగ్గర ఉండే మరుగుదొడ్లు చాలావరకు ఇలాంటివే. పైన చిన్న వెంటిలేటర్, అదీ మూసేసి ఉంటుంది. నడిపేవాళ్లు ముందు దాన్ని తెరవాలి. ఒకరు బయటికొచ్చాక కాసేపు తలుపు బార్లా తీసి ఉంచి, ఆ తర్వాత ఇంకొకరిని పంపాలి. కుళాయి తిప్పు, గడియ, మగ్గు, స్విచ్చి, ఈ నాలుగింటినీ అందరి చేతులూ తాకుతాయి. మగ్గు మీ ఇంటి నుంచే తెచ్చుకుంటే ఒక బెడద తప్పుతుంది.

తుడవడానికి 1 శాతం హైపోక్లోరైట్ ద్రావణం వాడమన్నారు. దుకాణంలో దొరికే 5 శాతం ద్రావణం అయితే ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలపాలి. మామూలు బ్లీచింగ్ పౌడర్‌లో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది, లీటరు నీటికి 30 గ్రాములు సరిపోతుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి, తుడిచాక పది నిమిషాలు అలా వదిలేయాలి. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో బ్లీచింగ్ ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు వస్తుంది.

బ్లీచింగ్‌ను మనుషుల మీద చల్లడం మాత్రం వద్దు. 2020 ఏప్రిల్‌లోనే కేంద్ర ఆరోగ్య శాఖ ఆ పని చేయొద్దని చెప్పింది. అయినా చాలాచోట్ల స్ప్రే సొరంగాలు పెట్టారు, చివరికి సుప్రీంకోర్టు నవంబర్‌లో కలగజేసుకోవాల్సి వచ్చింది. నిజానికి వస్తువులను తాకడం వల్ల ఈ జబ్బు సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువని అమెరికా సీడీసీ 2021 ఏప్రిల్‌లో తేల్చింది. కాబట్టి తుడవడం మానకండి గానీ, తుడిచాం కదా అని బండి అద్దాలు మూసుకుని కూర్చోకండి. గాలి ఆడటమే ముఖ్యం. ఇరుకు బండిలో ఏసీ వేసుకుని నాలుగు గంటలు ప్రయాణం చేయడం, బీచ్‌లో నాలుగు గంటలు కూర్చోవడం కంటే ఎక్కువ ప్రమాదం.

నీళ్లు, వుజూ, నమాజ్

నౌపడ అంటేనే ఉప్పు మడులు. తీరం వెంబడి చాలా బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి. అలాంటి నీటిలో సబ్బు సరిగ్గా నురగ రాదు, దాంతో పిల్లలు రెండుసార్లు రుద్ది వదిలేస్తారు. చేతులు కడగడానికి వేరేగా ఒక క్యాన్ మంచినీళ్లు పెట్టుకోండి. కుళాయి ఉన్న క్యాన్ అయితే ఇంకా మంచిది, అందరూ ఒకే బకెట్‌లో చేతులు ముంచే పని ఉండదు.

ప్రార్థన స్థలాల మార్గదర్శకాల్లో ఎవరి జానమాజ్ వాళ్లే తెచ్చుకోవాలని ఉంది. ప్రయాణంలోనూ అదే పాటించవచ్చు. వుజూ బయలుదేరే ముందు ఇంట్లోనే చేసుకుంటే హౌజ్ దగ్గర గుంపు తగ్గుతుంది. తోటలో నమాజ్ చదివేటప్పుడు స్థలం కొదవ ఉండదు కాబట్టి వేరే కుటుంబాలతో కలిసినప్పుడు ఎడం పాటించడం కష్టం కాదు.

భోజనం దగ్గరే మొహమాటం వస్తుంది. ఒకే పళ్లెంలో తినే అలవాటున్న ఇళ్లు ఆ కొద్దికాలం విడి పళ్లాలు వాడటం మేలు. వడ్డించే మనిషి ఒక్కరే ఉండాలి, మాస్కుతో ఉండాలి. మిగతావాళ్లు గరిటె ముట్టకూడదు.

ఉద్దానం ఇళ్లకు ప్రత్యేకంగా

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టి పీడిస్తోందో చెప్పక్కర్లేదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు కరోనా వస్తే ప్రాణం మీదికి వచ్చే అవకాశం ఎక్కువ. డయాలసిస్ చేయించుకునేవాళ్లు వారానికి రెండు మూడు సార్లు సెంటర్‌కు వెళ్లక తప్పదు, ఇంట్లో కూర్చోమంటే కుదరదు. అంటే ఆ ఇంట్లో మిగతావాళ్లు విహారానికి వెళ్లి జబ్బు తెస్తే, అది ఆ ఒక్క రోగితో ఆగదు. సెంటర్‌లో పక్క మంచాల దాకా పోతుంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి 2019లోనే శంకుస్థాపన జరిగినా, అది ప్రారంభమైంది 2023 డిసెంబర్‌లో. కరోనా అలలన్నీ ఆ మధ్యలోనే వచ్చిపోయాయి.

అందుకే ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే, కేసులు పెరుగుతున్న రోజుల్లో గుంపు ప్రయాణం వాయిదా వేసుకోవడమే మేలు. వెళ్లక తప్పకపోతే తిరిగి వచ్చిన తర్వాత వారం రోజులు ఆ రోగికి వేరే గది ఇవ్వండి, లేదా మీరే వేరే చోట పడుకోండి. డయాలసిస్ రోజు తప్పేలా ప్రయాణం పెట్టుకోవద్దు.

విడిదిలో ఎవరికైనా జ్వరం వస్తే ఆ మనిషిని గాలి ఆడే చోట విడిగా కూర్చోబెట్టి మాస్కు ఇవ్వాలి, తోడు ఒక్కరే ఉండాలి. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు వేయొద్దు. అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి, ముఖ్యంగా ఎండలో తిరిగి ఒంట్లో నీరు తగ్గినప్పుడు. పల్స్ ఆక్సీమీటర్ ఉంటే చూడండి. 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. సలహా మాత్రమే కావాలంటే 104 ఉంది. ఫోన్ చేసేటప్పుడు బీచ్ పేరు ఒక్కటే చెబితే చాలదు. మండలం, దగ్గరి ఊరు, హైవే నుంచి ఎటు తిరగాలో చెప్పండి, సరుగుడు తోటల మధ్య అంబులెన్సుకు దారి దొరకడం కష్టం.