నిఘాకు అందని ఆకాశం: హైదరాబాదు ఆయుధ విమానాలు (1948)

నిజాంసాగర్ కాలువల కింద పెరిగిన చెరకు, 1937లో బోధన్‌లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం, సికింద్రాబాదు–మన్మాడ్ రైలు మార్గంపైనున్న నిజామాబాదు పట్టణం హైదరాబాదు సంస్థాన ఆర్థిక ప్రగతికి గుర్తులు. దాని పరిమితికి కూడా అవే గుర్తులు. సంస్థానానికి సముద్రతీరం లేదు. విదేశీ యంత్రమైనా, మందుగుండైనా భూమార్గాన రావాలంటే సంస్థానం వెలుపలి నేల దాటక తప్పదు. 1947 తరువాత ఆ దారులపై భారత ప్రభుత్వ నిఘా బిగిసింది. ఆకాశమార్గం మాత్రం ఆ నిఘాకు అందలేదు.

1948లో ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ ఈ లోపాన్నే ఉపయోగించుకున్నాడు. అతని లాంకాస్ట్రియన్ విమానాలు కరాచీ నుంచి రాత్రివేళ భారత గగనతలం మీదుగా ఆయుధాలను బీదర్, వరంగల్ విమానాశ్రయాలకు చేరవేశాయి. లాంకాస్ట్రియన్ అంటే రెండవ ప్రపంచ యుద్ధంలో వాడిన లాంకాస్టర్ బాంబర్‌కు పౌర రూపాంతరం. నమోదు రీత్యా పౌర విమానం, సరుకు రీత్యా సైనిక విమానం: పర్యవేక్షణకు చిక్కు ఇక్కడే ఏర్పడింది.

చట్టం లేకపోలేదు. 1944 నాటి షికాగో ఒడంబడిక మూడవ అధికరణం ప్రకారం సైనిక విమానాలు అనుమతి లేకుండా పరదేశ గగనతలంలో ప్రవేశించరాదు. 35వ అధికరణం ప్రకారం పౌర విమానంలోనైనా యుద్ధ సామగ్రి తరలింపునకు సంబంధిత దేశపు అనుమతి తప్పనిసరి. 1947 నవంబరు 29 నాటి యథాతథ ఒప్పందం రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా సంబంధాలలో పూర్వపు ఏర్పాట్లనే కొనసాగించింది. అయితే బీదర్, వరంగల్ విమానాశ్రయాలు నిజాం అధీనంలో ఉన్నాయి. దిగిన విమానాన్ని తనిఖీ చేయవలసిన ప్రభుత్వమే ఆ సరుకును కోరుకున్నది. అందువల్ల నిబంధన కాగితానికే పరిమితమైంది.

సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్యలో భారత వైమానిక దళం ఆ విమానాశ్రయాలపై దాడి చేసింది. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. తరువాత బ్రిటన్‌లో కాటన్‌కు పడిన శిక్ష 200 పౌండ్ల జరిమానా.

1991 గల్ఫ్ యుద్ధకాలంలో సమస్య తలకిందులైంది. అమెరికా సైనిక రవాణా విమానాలు బొంబాయి, మద్రాసు వంటి విమానాశ్రయాలలో ఇంధనం నింపుకున్నాయి. వాటికి చంద్రశేఖర్ ప్రభుత్వ అనుమతి ఉంది. కానీ విషయం బయటపడ్డాక, ప్రభుత్వానికి వెలుపలి నుంచి మద్దతిస్తున్న కాంగ్రెస్ సహా పలు పక్షాలు అభ్యంతరం తెలిపాయి. ఫిబ్రవరిలో ఆ సదుపాయం నిలిచిపోయింది.

మొదటి సందర్భంలో అనుమతి లేదు. రెండవ సందర్భంలో అనుమతి ఉన్నా ప్రజాసమ్మతి లేదు. విమానాన్ని గుర్తించి తనిఖీ చేసే పాలనాధికారం పర్యవేక్షణలో ఒక పార్శ్వం మాత్రమే. అనుమతి ఇచ్చినవారు చట్టసభకు జవాబు చెప్పడం రెండవ పార్శ్వం. నిజామాబాదు జిల్లా జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం ప్రతిపాదనలో ఉన్న నేడు, రన్‌వే పొడవుతో పాటు ఈ రెండు పార్శ్వాలూ చర్చకు రావలసినవే.